దారిలో నిలిచిన మోటారుబండి



మోటారుబండిని గూర్చి పల్లెలవారితో ప్రసంగింపవలసిన పని యేమున్నదని కొందరికి తోచవచ్చును. ఒకప్పుడు ఆ మాట సరియైనదే. ఊరికి మోటారు వచ్చెనన్నచో పిల్లలు దాని వెంట పరుగెత్తిన దినములు మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఇప్పుడట్లు కాదు. పట్టణములలో ఉద్యోగములు చేయు కొడుకులును కూతుండ్రును సంక్రాంతికి కార్లలో వచ్చుచున్నారు. తిరుపతికిని, శ్రీశైలమునకును, అన్నవరమునకును కుటుంబసహితముగా బాడుగకార్లలో పోవుచున్నాము. అర్ధరాత్రివేళ రోగిని పట్టణపు టాసుపత్రికి చేర్పవలసివచ్చినను పలుమారు కారే దిక్కగుచున్నది. ఇట్టి ప్రయాణములలో నడుమదారిని బండి నిలిచిపోవుట వింత గాదు. యంత్రమన్న పిమ్మట ఒకప్పుడు కాకున్న నొకప్పుడు మొరాయించును.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట యొక్కటియే. బండి నిలుచుట వలన కలుగు నష్టము స్వల్పము. నిలిచిన పిదప తొందరచేతను, తెలియమిచేతను మనుష్యులు చేయు పనులవలననే పెద్ద యాపదలు వచ్చుచున్నవి. కారు తోలువాడు సాధారణముగా పడుచువాడు. అతనికి తొందర మెండు. అట్టి సమయమున వెనుక కూర్చున్న పెద్దవాని మాట విలువైనది. ఆ మాట యెట్లుండవలెనో ముందుగా తెలిసికొని యుండుట మంచిది.

మోటారుబండిమీద దూరప్రయాణము మొట్టమొదట చేసినది యొక స్త్రీ. ఆమె కథను ముందుగా చెప్పెదను. దానివలన మన విషయము చక్కగా బోధపడును.

జర్మనీ దేశమున మాన్‌హైమ్ అను పట్టణము కలదు. అచ్చట కార్ల్ బెంజ్ అను యంత్రనిపుణుడు మూడు చక్రముల మోటారుబండిని నిర్మించి, 1886వ సంవత్సరమున దానికి పేటెంటు హక్కును సంపాదించెను. బండిని నిర్మింపగలిగెను గాని, దానిని నమ్మి కొనువారు అరుదుగా నుండిరి. గుఱ్ఱము లేని బండి యెంతదూరము పోగలదు, పోయినను తిరిగి రాగలదా యని లోకులు సందేహించుచుండిరి. కార్ల్ బెంజ్ నెమ్మదియైన స్వభావము గలవాడు. ఆయన భార్య బెర్తా బెంజ్ మాత్రము ధైర్యశాలిని. వివాహమునకు ముందే తన సొమ్మును ఆయన కార్ఖానాకై యిచ్చిన యిల్లాలు ఆమె.

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున నొకనాడు, తెల్లవారుజామున, భర్త మేలుకొనకమునుపే ఆమె తన యిద్దరు కుమారులను లేపి, ఆ మోటారుబండిని బయటికి దీసి, ఫోర్ట్స్‌హైమ్ అను ఊరనున్న తన పుట్టింటికి బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైమాట. అంతకుమునుపు మోటారుబండి యేదియు అంత దూరము పోయి యెఱుగదు. ఆ దారులు గుఱ్ఱపుబండ్ల కేర్పడినవి. పెట్రోలు బంకు లేదు, మరమ్మతు చేయువాడు లేడు, దారి చూపు పలకలును మోటారుబండ్ల కొఱకు వ్రాసినవి గావు.

ఆ దినమున ఆమెకు వచ్చిన యిబ్బందులను వరుసగా చెప్పెదను. మొదట తైలమయిపోయెను. ఆ బండికి కావలసినది లిగ్రోయిన్ అను ద్రవము. బట్టలమీది మరకలు తీయుటకై ఆ ద్రవమును మందుల దుకాణములలో అమ్ముచుండిరి. వీస్‌లోఖ్ అను ఊరిలోని మందుల దుకాణమున ఆమె దానిని కొని బండిలో పోయించెను. లోకమున మొదటి పెట్రోలు బంకు ఆ మందుల దుకాణమే యని నేటికిని చెప్పుకొందురు. రెండవ యిబ్బంది నీరు. ఆ యంత్రము చల్లబడుటకు పోసిన నీరు ఆవిరియై పోవుచుండెను. కావున కనబడిన బావికడను, వాగుకడను, పూటకూటియింటికడను ఆగి నీరు పోయుచు పోవలసివచ్చెను.

పిమ్మట తైలము వచ్చు సన్నని గొట్టము పూడుకొనిపోయెను. ఆమె తన టోపీకి గ్రుచ్చుకొను పొడవైన సూదిని తీసి దానిని శుభ్రపఱచెను. విద్యుత్తు ప్రవహించు తీగ పైపొర అరిగి లోహమునకు తగులుచుండగా, మేజోడు జారకుండ కట్టుకొను పట్టీని విప్పి తీగకు చుట్టెను. యంత్రమునుండి చక్రమును త్రిప్పు గొలుసు పాడుకాగా ఒక కమ్మరి దానిని బాగుచేసి యిచ్చెను. ఎగుడు దారులలో యంత్రము బలము చాలక, దిగి నెట్టవలసివచ్చెను. దిగుడు దారులలో కొయ్యతో చేసిన బ్రేకు అరిగిపోవుచుండగా, బౌష్‌లోట్ అను పల్లెలో చెప్పులు కుట్టువానిచేత ఆ కొయ్యకు తోలు తొడిగించెను. ప్రొద్దు క్రుంకువేళకు పుట్టింటిని జేరి, క్షేమముగా వచ్చితిమని భర్తకు టెలిగ్రాము నిచ్చెను. కొలది దినములకు అదే బండిమీద తిరిగి వచ్చెను. వచ్చిన తరువాత, కొండదారుల కెక్కుటకు వేఱొక గేరు ఉండవలెనని ఆమె చెప్పగా, కార్ల్ బెంజ్ దానిని చేర్చెనని చెప్పుదురు.

ఈ కథలో గమనింపదగినవి మూడు. మొదటిది, ఆమెకు యంత్రమును గూర్చిన తెలివి యుండెను. ఏది యెందుకు పని చేయుచున్నదో యెఱిగియుండెను. రెండవది, బండి నిలిచినప్పుడు ఆమె కలవరపడలేదు. మూడవది మీవంటివారికి సంబంధించినది. ఆ బండిని ఊరు చేర్చినవారెవరు? మందుల దుకాణమువాడు, కమ్మరి, చెప్పులు కుట్టువాడు, దారిపొడవునను నీరిచ్చిన పల్లెవారు. అనగా మోటారుబండి చేసిన మొదటి దూరప్రయాణము గ్రామస్థుల చేతుల మీదుగా నెరవేరినది. నేటికిని దూరప్రయాణము చేయు బండికి కష్టము వచ్చినచో, మొదట కనబడునది దారి ప్రక్కనున్న పల్లెయే.

ఇక మన దారులకు వత్తము. శ్రీకాకుళము మొదలుకొని విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, విజయవాడ, ఒంగోలు, నెల్లూరుల మీదుగా పోవు 16వ నంబరు జాతీయరహదారియు, ఆదిలాబాదు ప్రాంతము మొదలుకొని హైదరాబాదు, కర్నూలు, అనంతపురముల మీదుగా పోవు 44వ నంబరు రహదారియు మీకు తెలిసినవే. దారులు వెడల్పయ్యెను, వేగము హెచ్చెను. బండ్లును మాఱినవి. నేటి కారులో సూదితో పొడిచి బాగుచేయదగిన గొట్టము కనబడదు. లోపల చిన్న కంప్యూటర్లు పని చేయుచున్నవి. అయినను బెర్తా బెంజుకు వచ్చిన కష్టములే నేటికిని వచ్చుచున్నవి. తైలము, నీరు, చక్రము, బ్రేకు, విద్యుత్తు — వీనిలో నేదో యొకటి చెడినప్పుడే సాధారణముగా బండి నిలుచుచున్నది.

ఎడ్లబండి కట్టుటకు ముందు మన పెద్దలేమి చేయుచుండిరి? ఇరుసునకు కందెన యున్నదా, సీల బిగువుగా నున్నదా, చక్రపు పట్టా వదులు కాలేదుగదా, పగ్గములు చీకిపోలేదుగదా యని చూచి గాని కాడి యెత్తెడివారు కారు. ఆ బుద్ధినే కారునకును చూపవలెను. బయలుదేరు దినమున ఉదయము, టైర్లు చల్లగా నున్నప్పుడే గాలిని కొలిపింపవలెను. వెనుక నుంచు ఐదవ చక్రము, స్టెప్నీ యందురే, దానిలోను గాలి యున్నదో లేదో చూడవలెను. అవసరమునకు తీసినప్పుడు అదియు చప్పగా నుండుటను నేను పలుమారు చూచితిని. జాకీయు, నట్లు విప్పు పానాయు బండిలో నుండవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడే రేడియేటరు నీటిని, ఇంజను ఆయిలును చూడవలెను. ముందరి వెనుకటి దీపములు వెలుగుచున్నవో లేదో ఒకరు వెనుక నిలిచి చెప్పవలెను. ఇంతయు పావుగంట పని.

టైరును గూర్చి యొక రహస్యము చెప్పెదను. ప్రతి టైరు ప్రక్కను, అండాకారపు గీతలో నాలుగంకెలు అచ్చువేసి యుండును. మొదటి రెండును వారమును, తరువాతి రెండును సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో ఆ టైరు 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. పైకి గాళ్లు లోతుగా కనబడినను, ఏండ్లు గడచినకొలది రబ్బరు పెళుసగును. బాడుగకారు మాటలాడునప్పుడు ఈ యంకెలను చూడుడు. ఇంకొక సంగతి. గాలి తక్కువైనను మెత్తగా సుఖముగా నుండునని కొందరనుకొందురు. గాలి తక్కువైన టైరు తిరుగునప్పుడెల్ల నలిగి నలిగి వేడెక్కును. వేసవి మధ్యాహ్నమున, నిండు బరువుతో, వేగముగా పోవునప్పుడు పగులును.

పగిలినప్పుడేమి చేయవలెను? డ్రైవరు బ్రేకును గట్టిగా తొక్కరాదు. రెండు చేతులతో స్టీరింగును గట్టిగా బట్టి, కాలును వేగపు పెడలుమీదనుండి తీసి, బండి తనంత తాను నెమ్మదించిన పిదప ఎడమప్రక్కకు చేర్పవలెను. చక్రము మార్చునప్పుడు నేల చదునుగా నుండవలెను. తక్కిన చక్రములకు ముందును వెనుకను రాళ్లు పెట్టవలెను. బండిని లేపకముందే నట్లను కొంచెము వదులు చేయవలెను. జాకీమీద నిలిచిన బండి క్రిందికి చేయి గాని, తల గాని పెట్టరాదు. బండిలో మనుష్యులెవ్వరును కూర్చుండరాదు.

రెండవది వేడి. ఇంజను వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీతను జేరినను, బానెట్టు క్రిందినుండి ఆవిరి వచ్చినను, ఇంకొక పది మైళ్లు లాగి చూతమనుట అవివేకము. ఏ.సి.ని ఆపి, బండిని ప్రక్కకు చేర్చి, ఇంజను నిలుపవలెను. ఇక్కడనే పెక్కుమంది చేతులు, ముఖములు కాల్చుకొనుచున్నారు. మన వంటయింటి కుండలో నీరు 100 డిగ్రీల కడ మరుగును. రేడియేటరు మూత గట్టిగా బిగించి యుండుటచేత లోపలి నీరు ఒత్తిడికి లోబడి, 100 డిగ్రీలు దాటినను మరుగక యుండును. మూతను తీసినతోడనే ఆ యొత్తిడి పోయి, మరుగునీరును ఆవిరియు ఒక్కసారి పైకి చిమ్మును. ప్రెషరు కుక్కరు మూతను ఆవిరి పోకముందే తెఱచిన నేమగునో మీ యింటి యాడువారి నడిగిన చెప్పుదురు. కావున అరగంటకు తక్కువ గాకుండ, చేయి పెట్టినచో గోరువెచ్చగా మాత్రమే తగులునంతవఱకు వేచి యుండవలెను. వేడి యింజనుమీద చల్లనినీరు కుమ్మరింపరాదు, లోహము పగులవచ్చును.

మూడవది బ్రేకు. తిరుమల కొండనుండి దిగునప్పుడును, శ్రీశైలము దారిలోను మలుపు వెంట మలుపు వచ్చును. ఊరకే బ్రేకును నొక్కిపట్టి దిగువాని బ్రేకులు రాచుకొని వేడెక్కి, పట్టు వదలును. కాలిన వాసన వచ్చుట దానికి సూచన. ఎద్దులు బండిని లాగుటయే కాదు, దిగుడున బరువును వెనుకకు పట్టి యాపును గదా! అట్లే కారును తక్కువ గేరులో దింపినచో ఇంజనే దానిని వెనుకకు లాగును. ఇంజను ఆపి, గేరు తీసివేసి, నూనె మిగులునని కొండ దిగు డ్రైవర్లు కలరు. ఇంజను ఆగినచో బ్రేకునకును స్టీరింగునకును దానివలన గలుగు సాయము పోవును. కాలితో నెంత తొక్కినను బండి నిలుచుట కష్టమగును. అట్టివాడు తోలుచున్నప్పుడు పెద్దవారు మొగమోటము విడిచి, “నాయనా, ఇంజను వేసికొని గేరులో దింపు, ఆ నాలుగు రూపాయల నూనె మేమిచ్చెదము” అని చెప్పవలెను. వాసన వచ్చినచో వెడల్పైన చోట ఆగి, బ్రేకులను వాటియంతటవే చల్లారనీయవలెను.

నాలుగవది విద్యుత్తు. తాళము త్రిప్పినను ఇంజను కదలనిచో పలుమారు బ్యాటరీ కొనలమీద పట్టిన తెల్లని పిండియో, తీగ వదులగుటయో కారణము. అప్పుడు పల్లెలలో పదిమంది చేరి ఉత్సాహముగా నెట్టుదురు. నెట్టి కదల్పదగినవి చేతితో గేరు మార్చు బండ్లు మాత్రమే. గేర్లు తమంతట మాఱు బండ్లను నెట్టినను ప్రయోజనము లేదు. కావున ముందడిగి పిదప నెట్టవలెను. ఇప్పుడు విద్యుత్తుతోనే నడచు కార్లును మన దారులలోనికి వచ్చినవి. వానిలో నారింజపండు రంగు తొడుగు గల తీగలు మిక్కిలి బలమైన విద్యుత్తును మోయును. వానిని తాకరాదు, కోయరాదు.

ఐదవది వాన కాలపు వాగు. ఇది యంత్రదోషము కాకున్నను, మన జిల్లాలలో ప్రాణములు తీయుచున్నది. చప్టామీదుగా నీరు పారుచుండగా, మోకాలి లోతే గదా యని కారును దింపుదురు. కారు మిక్కిలి బరువున్నను, లోపల గాలి నిండిన పెట్టె వంటిది; మోకాలి లోతునకు రాని పారుడు నీరు సహితము చిన్నకారును తేల్చి ప్రక్కకు నెట్టగలదు. నీటి క్రింద రోడ్డు తెగిపోయెనో లేదో కంటికి కనబడదు. నీటిలో ఇంజను ఆగినచో తిరిగి త్రిప్పరాదు. లోనికి నీరు పోయి యింజను విఱుగును. ఆ వాగు సంగతి పొరుగూరి డ్రైవరునకు తెలియదు, మీకు తెలియును. గట్టుమీద నిలిచి అతని నాపగలవారు మీరే.

ఇన్ని విధముల బండి నిలుచును. నిలిచిన తరువాత మొదట చేయవలసిన దేమి? ఈ ప్రశ్నకు నాకు మంచి యుత్తరము చెప్పినవాడు ఒక రైతు. ఒంగోలునకును నెల్లూరునకును నడుమ రాత్రి తొమ్మిదిగంటలవేళ మేము పోవుచున్న బాడుగకారు నిలిచిపోయెను. డ్రైవరు బానెట్టు తెఱచి లోపలికి వంగి చూచుచుండెను. మగవారము అతని చుట్టును, ఆడువారును పిల్లలును కారు వెనుకను నిలిచి యుండిరి. లారీలు గాలి విసరుచు మా ప్రక్కనుండి పోవుచుండెను. పొలములో కావలియున్న యొక వృద్ధుడు టార్చిలైటు పట్టుకొని వచ్చి, ఏమైనదని యడుగక, “ముందు ఆ పిల్లల్ని, ఆడవాళ్లని గట్టు మీదికి పంపండయ్యా. బండి ఎక్కడికీ పోదు” అనెను. మేము గట్టెక్కిన పిమ్మటనే ఆయన బండి దగ్గరకు పోయి చూచెను. ఆ మాటకంటె మంచి సూత్రము ఏ గ్రంథమునందును నాకు కనబడలేదు.

దానికి కారణమును లెక్కతో చెప్పెదను. గంటకు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి ఒక్క సెకండులో 22 మీటర్ల దూరము వచ్చును. వచ్చువాడు నిదురమత్తులో నున్నను, ఫోను చూచుచున్నను, నిలిచిన కారును గుర్తించు సరికి దానిమీదనే యుండును. కావున బండిని సాధ్యమైనంత ఎడమకు చేర్చి, నాలుగు మూలల మినుకు దీపములు వేయవలెను. అందరును ఎడమ తలుపులనుండియే దిగి, రోడ్డు దాటి కాక, ఎడమ ప్రక్క కంచె వెలుపలను గాని, గట్టుమీదను గాని దూరముగా నిలువవలెను. కారు వెనుక ఎవ్వరును నిలువరాదు. కారులోనుండు ఎఱ్ఱని ముక్కోణపు పలకను వెనుకప్రక్క 50 మీటర్లకు తక్కువ గాకుండ నిలుపవలెను. ఆ దూరమైనను వచ్చువానికి రెండు సెకండ్ల దారి మాత్రమే. వేగముగా పోవు రహదారులలో ఇంకను దూరమున నుంచుట మేలు. దానిని పెట్టబోవువాడు రోడ్డు అంచుననే, వచ్చు బండ్లకు కనబడునట్లు నడువవలెను.

పిమ్మట సాయము కోరవలెను. జాతీయరహదారులపై 1033 నంబరునకు ఫోను చేసినచో రహదారి సంస్థవారు పలుకుదురు. ప్రాణాపాయమైనచో 112 గాని, ఆంబులెన్సునకు 108 గాని పిలువవలెను. ఎచ్చట నున్నారని వారడిగినప్పుడు కొందరు తెల్లబోవుదురు. దారి ప్రక్కన కిలోమీటరు రాళ్లుండును. తల పసుపుపచ్చగా నున్నది జాతీయరహదారి రాయి. ఆకుపచ్చగా నున్నది రాష్ట్ర రహదారి రాయి. దానిమీది యంకెలను, మీరు పోవు దిక్కును చెప్పినచో సాయము సూటిగా వచ్చును. ప్రయాణమందు ఆ రాళ్లను చదువుచు పోవుట పెద్దలకు మంచి కాలక్షేపము, మంచి కాపలాయును.

కడపటి మాట రహదారి ప్రక్క గ్రామముల పెద్దలతో. మన దారులలో నొక దురాచారము కలదు. లారీ చెడి నిలిచినప్పుడు దాని వెనుక బండరాళ్లను, చెట్టుకొమ్మలను వరుసగా పేర్చుదురు. బాగుపడగానే లారీ పోవును. రాళ్లు మాత్రము రోడ్డుమీదనే యుండును. ఆ రాత్రి రెండుచక్రముల బండిమీద వచ్చు మీ యూరి పిల్లవాడే ఆ రాతికి తగులవచ్చును. మీ పొలిమేరలో రాళ్లు కనబడినచో తీయించుడు. బండి పోవునప్పుడు రాళ్లు తీసి పొమ్మని డ్రైవరుతో గట్టిగా చెప్పుడు. మీ యూర పంక్చరు వేయువాడెవడో, మెకానిక్కు ఎవడో, వారి ఫోను నంబర్లేవో వ్రాసి, దారిమీది టీ దుకాణమున నంటించి యుంచుడు. నిలిచిన బండివారికి త్రాగు నీరు, నీడ, ఆడువారికి కూర్చుండుటకు చోటు చూపుడు. ఇవి వెచ్చము లేని పుణ్యములు.

బండి తాకి మనిషి గాయపడినప్పుడు, సాక్ష్యమునకు తిప్పుదురేమో, కేసు మన మెడకు చుట్టుకొనునేమో యని పల్లెవారు వెనుదీయుట కలదు. ఇప్పుడా భయమునకు చోటు లేదు. 2016వ సంవత్సరమున సుప్రీముకోర్టువారు సాయము చేసినవారికి రక్షణ కల్పించు నియమములను ఆమోదించి, అందరును వానిని పాటింపవలెనని యాజ్ఞాపించిరి. 2019వ సంవత్సరమున మోటారు వాహనముల చట్టమును సవరించి, 134-ఎ అను సెక్షనును చేర్చిరి. సద్బుద్ధితో సాయము చేసినవాడు గాయపడినవాని చావు బ్రతుకులకు బాధ్యుడు గాడని ఆ సెక్షను చెప్పుచున్నది. పేరును, చిరునామాను చెప్పి తీరవలెనని అతనిని నిర్బంధింపరాదనియు నియమము కలదు. ఈ సంగతి పదిమందికి తెలియజెప్పుట పెద్దల పని.

యంత్రములు మాఱును. బెర్తా బెంజు సూదితో బాగుచేసిన బండిని నేడు ఎవ్వరును తోలరు. నేటి బండ్లు రేపటికి పాతబడును. మాఱనివి రెండు. బయలుదేరుటకు ముందు చూచుకొను జాగ్రత్త యొకటి. నిలిచినచో తొందరపడక, యంత్రమునకంటె ముందు మనుష్యులను కాపాడు బుద్ధి రెండవది. ఈ రెండును పడుచువారికి నేర్పవలసినవారు పెద్దలే. ఈ మారు మీ యింటి పిల్లలు ప్రయాణమై కారెక్కునప్పుడు, తాంబూలముతో పాటు ఈ నాలుగు మాటలును చెప్పి పంపుడని ప్రార్థించుచు ఇంతటితో విరమించుచున్నాను.